పజిళ్ల కన్నా ముందు బీపీ మిషన్

ప్రపంచంలోని డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండా ఆపడమో, కనీసం వాయిదా వెయ్యడమో సాధ్యమేనని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. అప్పటి నుంచి మెదడు ఆరోగ్యం గురించి ఎవరు మాట్లాడినా ఆ 45 వచ్చి తీరుతోంది. దాని వెనకాలే సలహాలు కూడా వస్తాయి: పజిల్స్ చెయ్యండి, కొత్త భాష నేర్చుకోండి, ఎడమచేత్తో పళ్లు తోముకోండి. తమాషా ఏమిటంటే, కమిషన్ చెప్పిన 14 కారణాల పట్టికలో వీటిలో ఒక్కటీ లేదు.

ఉన్నవి ఇవి. వినికిడి తగ్గడం, చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) ఎక్కువగా ఉండటం: చెరో 7 శాతం. చిన్నప్పుడు చదువు తక్కువ కావడం, పెద్దయ్యాక ఒంటరితనం: చెరో 5. డిప్రెషన్, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం: తలా 3. షుగర్, బీపీ, పొగతాగడం, కదలిక లేకపోవడం, చూపు తగ్గడం: తలా 2. ఊబకాయం, మితిమీరిన మద్యం: చెరొకటి. మొత్తం 45.

ఈ పట్టిక చదివాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్లు మెదడు కోసం ఏదైనా చెయ్యాలనుకుంటే ముందు బీపీ సరిగ్గా కొలుచుకోవాలి, తర్వాత చెవులు పరీక్ష చేయించుకోవాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

బీపీకి ఇచ్చింది 2 శాతమే కదా, దాన్ని ముందు పెట్టడమేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ అంకెలు ఒక మనిషికి ఏది ఎంత మేలు చేస్తుందో చెప్పే వరస కాదు. ఆ సమస్య జనంలో ఎంతమందికి ఉంది, ముప్పును ఎన్ని రెట్లు పెంచుతుంది, మిగతా కారణాలతో ఎంత కలగలిసి ఉంది అన్న మూడూ లెక్కేసి పంచినవి. కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొగ, ఊబకాయం, కదలిక లేకపోవడం అనే ఆరూ ముఖ్యంగా రక్తనాళాల దారిలోనే మెదడును చేరతాయి. వాటిని కలిపితే 16 అవుతుంది, అంటే 45లో మూడో వంతు పైనే. వాటిలో ఇంట్లో కూర్చుని రెండు నిమిషాల్లో కొలవగలిగేది, తగ్గిస్తే మెదడుకు మేలు జరిగిందని పెద్ద ట్రయల్స్‌లో తేలినది బీపీ ఒక్కటే. అందుకే ముందు పెట్టాను.

ముసలితనంలో మెదడుకు జరిగేది

వయసుతో మెదడు కణాలు కుప్పలు తెప్పలుగా చచ్చిపోతాయన్నది పాత నమ్మకం. 1997లో డెన్మార్క్ పరిశోధకులు జాగ్రత్తగా లెక్కపెడితే, ఇరవై ఏళ్ల నుంచి తొంభై ఏళ్ల మధ్య మెదడు పైపొరలోని న్యూరాన్లలో తేడా సుమారు 10 శాతమే వచ్చింది. ఆరోగ్యంగా ముసలివాళ్లయ్యే వాళ్ల మెదడు కుంచించుకుపోయేది ప్రధానంగా కణాలు పోయి కాదు. కణాల కొమ్మలు, వాటి మధ్య కూడళ్లు పలచబడటం వల్ల, దూరపు భాగాలను కలిపే తెల్లటి తీగల కట్టలు దెబ్బతినడం వల్ల.

ఈ తెల్లటి భాగమే రక్తనాళాల చెడుపుకు సులువుగా బలయ్యే చోటు. మెదడు ఒంటి బరువులో 2 శాతం, కానీ వాడుకునే ఆక్సిజన్ 20 శాతం. నిల్వ దాదాపు ఏమీ ఉండదు. లోతున ఉన్న భాగాలకు రక్తం చేరేది వెంట్రుకంత సన్నటి నాళాల గుండా. వాటిలో చాలావాటికి పక్కదారి లేదు, ఒకటి మూసుకుంటే దాని పరిధిలోని కాస్త భాగం ఎండిపోతుంది. పడుచుతనంలో గుండె దగ్గరి పెద్ద ధమని సాగుతూ ప్రతి కొట్టుడు తాకిడినీ తనలో ఇముడ్చుకుంటుంది. వయసుతో, ముఖ్యంగా ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే, అది బిరుసెక్కుతుంది. అప్పుడు ఆ తాకిడి నేరుగా సన్న నాళాల దాకా వెళ్తుంది. ఎక్కువ రక్తం ధారాళంగా వెళ్లాల్సిన అవయవాలు కాబట్టి మెదడు, మూత్రపిండాలు ఈ దెబ్బకు ముందు గురవుతాయి.

ఎంఆర్ఐ స్కాన్‌లో ఈ దెబ్బలు తెల్లటి మచ్చలుగా కనిపిస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే, ఈ రకం నష్టం మొదట జ్ఞాపకం మీద పడదు. వేగం తగ్గుతుంది. రెండు పనులు ఒకేసారి చూసుకోలేకపోవడం, ప్రయాణం ఏర్పాట్లు వరసగా చేసుకోలేకపోవడం, నడక నెమ్మదించడం కనిపిస్తాయి. పేర్లన్నీ గుర్తుంటాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

అల్జీమర్స్ వేరే జబ్బు కదా, దానికి బీపీతో ఏం పని అనే అభ్యంతరం ఉంది. దీనికి నాకు తెలిసిన గట్టి జవాబు అమెరికాలో 678 మంది క్రైస్తవ సన్యాసినుల మీద డేవిడ్ స్నోడన్ బృందం చేసిన అధ్యయనంలో ఉంది. వాళ్లు చనిపోయాక మెదళ్లను పరీక్షించారు. 1997లో వెలువడిన ఫలితం ప్రకారం, అల్జీమర్స్ మార్పులు తగినంతగా ఉన్న 61 మందిలో, లోతు భాగాల్లో ఒకటి రెండు చిన్న స్ట్రోకులు కూడా ఉన్నవాళ్లు బతికుండగా డిమెన్షియాతో ఉండే అవకాశం దాదాపు 20 రెట్లు ఎక్కువ. ఎన్ని రెట్లన్న అంకెను అంత నమ్మక్కర్లేదు, ఎందుకంటే మనుషుల సంఖ్య చిన్నది. కానీ సంగతి స్పష్టం: అల్జీమర్స్ మార్పులున్నా నెట్టుకొస్తున్న మెదడును తరచు కూలదోసేది ఆ చిన్న స్ట్రోకులే. అల్జీమర్స్‌లో అమైలాయిడ్ అనే ప్రొటీన్ మెదడులో పేరుకోవడం లక్షణాలకు పదిహేను ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. దాన్ని అప్పుడే ఆపే మందు ఇంకా మన చేతిలో లేదు. స్ట్రోకులను తగ్గించే మందులు మాత్రం దశాబ్దాలుగా ఉన్నాయి.

ట్రయల్స్ చెప్పినంత మేరకే

2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ అనే ట్రయల్ ఫలితాలను అందరూ ఉదహరిస్తారు. 9,361 మంది. పై బీపీని 120 లోపు ఉంచిన గుంపు ఒకటి, 140 లోపు ఉంచిన గుంపు ఒకటి. స్వల్ప మేధో లోపం (డిమెన్షియాకు ముందు మెట్టు) మొదటి గుంపులో 19 శాతం తక్కువ. డిమెన్షియా కూడా తగ్గినట్టే కనిపించింది గానీ, ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పేంత బలంగా లేదు. గుండెకు మేలు స్పష్టంగా తేలడంతో ట్రయల్‌ను ముందే ఆపేశారు, అదొక కారణం. కొన్నేళ్లపాటు ఈ లోటు నన్ను కూడా సందేహంలో పెట్టింది.

2025లో చైనా పల్లెల నుంచి వచ్చిన ట్రయల్ ఆ లోటు చాలావరకు తీర్చింది. 326 గ్రామాలు, బీపీ అదుపులో లేని దాదాపు 34,000 మంది, వయసు నలభై పైన. సగం గ్రామాల్లో స్పెషలిస్టు డాక్టర్లు కాని గ్రామ వైద్యులే ఒక నిర్ణీత పద్ధతిలో మందులు పెంచుతూ బీపీని 130/80 లోపుకు తెచ్చే ప్రయత్నం చేశారు. నాలుగేళ్లకు డిమెన్షియా 15 శాతం తక్కువ. కొత్త మందు లేదు, ఖరీదైన స్కాన్ లేదు. ఉన్న మందును సరైన మోతాదుకు తీసుకెళ్లడం, వదలకుండా వేసుకునేలా చూడడం, అంతే. మెదడు గురించి ఈ మధ్య కాలంలో ఇంత ధైర్యాన్నిచ్చిన ఫలితం మరొకటి నేను చదవలేదు.

కొలవడంలోనే తప్పులు

స్ప్రింట్‌లో 120 అంటే ఆటోమేటిక్ మిషన్‌తో, అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, మూడుసార్లు తీసి సగటు కట్టిన 120. మెట్లెక్కి వచ్చి, మాట్లాడుతూ, చొక్కా చెయ్యి మీదుగా పట్టీ చుట్టించుకుని తీయించుకున్న అంకెతో దాన్ని పోల్చకూడదు. అలా తీసిన 145 నిజంగా 130 అయి ఉండొచ్చు.

కాబట్టి ఇంట్లో పద్ధతి ఇది. మణికట్టు మిషన్ కాకుండా దండ చేతికి చుట్టే మిషన్ తీసుకోవాలి. పట్టీ లోపల గాలి నిండే సంచి పొడవు చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె 10 దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తేడాతో పైకి చూపిస్తుంది. అందుకే టేపుతో చెయ్యి కొలిచి, పట్టీ మీద రాసిన పరిధితో సరిచూసుకోవాలి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్, వ్యాయామం వద్దు. మూత్రం పోసుకుని రావాలి. వీపుకు ఆనుడు, పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ గుండె కన్నా 10 సెంటీమీటర్లు కిందికుంటే అంకె 7, 8 పెరుగుతుంది. ఇది కేవలం రక్తం బరువు వల్ల వచ్చే తేడా. చెయ్యి వేలాడేసి తీయించుకున్నవాళ్లు అనవసరంగా మాత్ర పెంచుకోవడం ఇక్కడే జరుగుతుంది.

అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు తీయాలి. పొద్దున మాత్ర వేసుకోకముందు ఒకసారి, రాత్రి ఒకసారి, ఏడు రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. ఇంటి సగటు 135/85 దాటితే డాక్టర్‌ను కలవాలి. ఒక్క రోజు 150 వచ్చిందని కంగారు పడాల్సిన పని లేదు, ఒక్క రోజు 118 వచ్చిందని మాత్ర ఆపెయ్యకూడదు. నిజానికి రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది. మందుల వల్ల తగ్గిన అంకెను చూసి జబ్బు తగ్గిందనుకోవడం చాలా మామూలు పొరపాటు.

ఎనభై దాటినవాళ్లకు, నాలుగైదు రకాల మందులు వాడేవాళ్లకు ఈ లెక్క ఇలాగే వర్తించదు. వాళ్లకు కూర్చున్నప్పటి బీపీతో పాటు, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు కూడా తీయాలి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పకుండా మందు పెంచకూడదు. లేచి నిలబడగానే తూలి పడితే తలకు దెబ్బ తగులుతుంది. అది కూడా ఆ 14 కారణాల్లో ఉన్నదే. పైగా డిమెన్షియా మొదలయ్యే కొన్నేళ్ల ముందు నుంచి బీపీ, బరువు వాటంతటవే తగ్గడం కనిపిస్తుంది. అందుకే ముసలివయసులో తక్కువ బీపీ ఉన్నవాళ్లకే డిమెన్షియా ఎక్కువన్నట్టు కొన్ని అధ్యయనాల్లో తేలుతుంది. నలభైల్లో బీపీ తగ్గించడం మంచిదా కాదా అన్న ప్రశ్నకు దాంతో సంబంధం లేదు.

చెవి

వినికిడి విషయంలో ఆధారం బీపీ అంత గట్టిది కాదు, ఆ మాట ముందే చెప్పాలి. 2023లో అచీవ్ అనే ట్రయల్‌లో 70 నుంచి 84 ఏళ్ల 977 మందిలో సగం మందికి వినికిడి యంత్రాలు ఇచ్చి మూడేళ్లు చూశారు. మొత్తం మీద తేడా లేదు. కానీ గుండె జబ్బుల అధ్యయనం నుంచి వచ్చిన 238 మందిలో, అంటే బీపీ, షుగర్ లాంటి ముప్పులు ఎక్కువగా ఉన్నవాళ్లలో, మేధాశక్తి తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. మిగతావాళ్లు ప్రకటన చూసి ముందుకొచ్చిన ఆరోగ్యవంతులు. మూడేళ్లలో వాళ్లకు తగ్గుదలే పెద్దగా లేదు, ఇక నెమ్మదించడానికేముంది? ఈ వివరణ నాకు సబబుగానే తోస్తుంది, అయినా నిరూపణ అయిపోయిందని అనను. మెదడు సంగతి ఎలా ఉన్నా, వినపడక నలుగురిలో కలవడం మానేసిన మనిషికి మళ్లీ మాట వినిపించడమే పెద్ద మేలు.

వయసు చెవుడు ముందుగా కీచు స్వరాలను తీసుకుపోతుంది. అచ్చుల శబ్దం బలంగానే చేరుతుంది. స, ష, త, క లాంటివి జారిపోతాయి. అందుకే "వినిపిస్తోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు, "మీరే గొణుగుతున్నారు" అంటారు. అలాంటివాళ్లతో గట్టిగా అరిస్తే ప్రయోజనం లేదు. అరుపులో పెరిగేది అచ్చులే. ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో, నెమ్మదిగా మాట్లాడాలి.

పరీక్షకు ముందు చెవిలో గుబిలి ఉందేమో చూపించుకోవాలి. ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్షలో 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర వచ్చిన అంకెల సగటు చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 20 డెసిబెల్స్ లోపుంటే మామూలు, 35 దాటితే మధ్యస్థ లోపం. యంత్రం వేసుకున్నవాళ్లు నెలలోపే దాన్ని డ్రాయర్లో పడెయ్యడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. కంపెనీ సాఫ్ట్‌వేర్ సూచించిన సెట్టింగ్‌తోనే ఇచ్చి పంపెయ్యడం ఒకటి. చెవి కాలువలో సన్నటి గొట్టం మైకు పెట్టి, శబ్దం నిజంగా ఎంత చేరుతోందో కొలిచి సరిచెయ్యాలి. ఆ కొలత చేస్తారా అని అడగండి. కొసన ఉండే రబ్బరు టోపీ సైజు సరిపోక కీచుమనడం రెండోది. గుబిలి వడపోత మూసుకుపోయి శబ్దం ఆగిపోతే యంత్రం పాడైందనుకోవడం మూడోది. అన్నిటికన్నా పెద్దది, మొదటిరోజే పెళ్లి సందడిలోకి వేసుకెళ్లడం. ఏళ్లుగా వినని శబ్దాలు ఒక్కసారి మీద పడితే ఎవరికైనా విసుగే. మొదటివారం నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో, ఒక్కరితో మాట్లాడుతూ, రోజుకు రెండు మూడు గంటలు చాలు. నెలన్నర, రెండు నెలల్లో రోజంతా వేసుకునే స్థితికి రావాలి. రెండు చెవులకూ లోపముంటే సాధారణంగా రెండిటికీ పెట్టించాలి.

పజిల్స్ మీద నాకేమీ కోపం లేదు

ఇష్టమైనవాళ్లు నిక్షేపంగా చేసుకోవచ్చు. నా అభ్యంతరం వాటిని రక్షణ కవచంగా చెప్పడం మీదే. యాక్టివ్ అనే ట్రయల్‌లో 65 ఏళ్లు పైబడిన 2,832 మందిని నాలుగు గుంపులు చేసి, మూడు గుంపులకు జ్ఞాపకం, తర్కం, వేగం అనే మూడింటిలో తలా ఒకదానికి పది తరగతుల శిక్షణ ఇచ్చారు, నాలుగో గుంపుకు ఏ శిక్షణా ఇవ్వలేదు. జ్ఞాపకానికి శిక్షణ తీసుకున్నవాళ్లు జ్ఞాపకం పరీక్షలో మెరుగయ్యారు, తర్కం తీసుకున్నవాళ్లు తర్కంలో. ఒకదాని లాభం రెండోదానికి పాకలేదు. వేగం శిక్షణ తీసుకున్నవాళ్లలో పదేళ్లకు డిమెన్షియా 29 శాతం తక్కువని 2017లో ఒక విశ్లేషణ చెప్పింది. ఆసక్తికరమైన సంగతే, దాన్ని పక్కన పెట్టెయ్యను. కానీ అది తెర మీద చటుక్కున మెరిసి మాయమయ్యే బొమ్మలను పట్టుకునే ప్రత్యేకమైన అభ్యాసం, గళ్లనుడికట్టు కాదు. వయసు మరుపును ఆపుతామని ప్రకటించుకున్న మెదడు ఆటల కంపెనీ లూమోసిటీ 2016లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీకి 20 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. ఇక జింకో బిలోబా అనే చెట్టు ఆకుల సారంతో చేసే మాత్రలు: 75 పైబడిన 3,069 మందికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాములు ఆరేళ్ల పాటు ఇచ్చి చూస్తే డిమెన్షియా తగ్గలేదని 2008లోనే తేలింది. ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉన్నాయి.

వ్యాయామం గురించి కూడా నిజాయితీగా ఒక మాట చెప్పాలి. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులను 1985 నుంచి వెంబడిస్తున్న వైట్‌హాల్ అధ్యయనం 2017లో ఒక సంగతి బయటపెట్టింది. డిమెన్షియా నిర్ధారణకు సుమారు తొమ్మిదేళ్ల ముందు నుంచే ఆ మనుషుల్లో కదలిక తగ్గడం మొదలవుతోంది. అంటే "నడవనివాళ్లకు జబ్బు వచ్చింది" అని మనం చదివేదాంట్లో కొంత భాగం నిజానికి "జబ్బు మొదలైనవాళ్లు నడవడం మానేశారు" అన్నదే. ఒంటరితనం సంగతీ ఇంతే కావొచ్చు. కాబట్టి వారానికి 150 నిమిషాలు, పాట పాడలేనంత, మాట మాట్లాడగలిగేంత వేగంతో నడవమని నేను చెప్పేది మెదడు పెరుగుతుందని కాదు. బీపీ, షుగర్ తగ్గుతాయని. వారానికి రెండు రోజులు కాళ్లకు బలమిచ్చే వ్యాయామం చేస్తే పడిపోకుండా ఉంటారని.

45 శాతం అన్న మాటకు ఇంకో చెడ్డ ఉపయోగం కూడా ఉంది, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. అది జనాభా లెక్క. మీ అమ్మకో నాన్నకో డిమెన్షియా వస్తే అందులో 45 శాతం వాళ్ల తప్పని దాని అర్థం కాదు. అన్నిటికన్నా పెద్ద కారణం వయసే. ఏపీఓఈ-4 అనే జన్యురూపం ఒక ప్రతి ఉంటేనే అల్జీమర్స్ ముప్పు రెండు మూడు రెట్లవుతుంది, రెండుంటే ఇంకా చాలా ఎక్కువ. చిన్నప్పుడు బడికి పంపకపోవడం, పీల్చే గాలి చెడిపోవడం ఆ మనిషి చేతిలో ఉన్నవి కావు. రోగి ఇంటికి వెళ్లి "ముందు నుంచీ మెదడుకు పని పెట్టి ఉంటే ఇలా అయ్యేది కాదు" అనేవాళ్లు దయచేసి ఆ మాట మానుకోవాలి.

అనుమానం వచ్చినప్పుడు

పేరు నాలుక చివరిదాకా వచ్చి, గంట తర్వాత గుర్తుకు రావడం వయసు లక్షణం. ఒకే ప్రశ్న అరగంటలో మూడుసార్లు అడగడం, ఏళ్లుగా చూసుకుంటున్న లెక్కలు తప్పుతుండటం, తెలిసిన దారిలో తప్పిపోవడం పరీక్ష చేయించాల్సిన సంగతులు. మతిమరుపు గురించి తనే వచ్చి చెప్పుకునే మనిషి కన్నా, తనకేమీ లేదంటుంటే ఇంట్లోవాళ్లు చెప్పే మనిషి విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాలి. రెండు మూడు రోజుల్లోనే మనిషి తికమకపడటం మొదలైతే అది డిమెన్షియా తీరు కాదు. ఇన్ఫెక్షనో, సోడియం తగ్గడమో, కొత్త మందో అయి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల కొట్టుకున్న కొన్ని వారాల తర్వాత మందకొడితనం వస్తే స్కాన్ తీయించాలి, పుర్రె లోపల నెమ్మదిగా రక్తం చేరి ఉండొచ్చు.

డాక్టర్ దగ్గరికి వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లండి, చీటీ లేకుండా కొన్నవి కూడా. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, నిద్ర కోసం వేసుకునే డైఫెన్‌హైడ్రమిన్, నొప్పులకు ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగకపోతే ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ ఒక్కొక్కటీ పెద్దవాళ్ల మెదడును మసకబరుస్తుంది, రెండు కలిస్తే మరీను. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, కడుపులో ఆమ్లానికి వాడే ఒమెప్రజోల్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, ఆ పరీక్ష అడిగి చేయించండి. థైరాయిడ్ కూడా. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు పక్కనున్నవాళ్లు గమనిస్తే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

జ్ఞాపకశక్తి పరీక్షకు కూర్చునేటప్పుడు కళ్లద్దాలు, వినికిడి యంత్రం పెట్టుకునే వెళ్లాలి. మోకా అనే జ్ఞాపకశక్తి పరీక్షలో అయిదు మాటలు చదివి వినిపిస్తారు, కాసేపయ్యాక తిరిగి చెప్పమంటారు. మొదటిసారి సరిగ్గా వినపడని మాట తర్వాత గుర్తుకు రావడమన్నది ఉండదు, కానీ పోయే మార్కులు మాత్రం జ్ఞాపకం ఖాతాలోనే పోతాయి. 30కి 26 లోపు వస్తే అనుమానించాలన్నది ఆ పరీక్ష మొదటి లెక్క. చదువు పన్నెండేళ్లు మించనివాళ్లకు ఒక మార్కు కలపాలి. మొదటి ప్రయత్నంలో అయిదు మాటలనూ వెంటనే తిరిగి చెప్పగలిగారో లేదో పక్కనున్నవాళ్లు గమనించి పెట్టుకోండి. చెప్పలేకపోయి ఉంటే, ఆ మార్కులతో ఏ నిర్ణయానికీ రాకముందు చెవి పరీక్ష చేయించి, మళ్లీ కూర్చోబెట్టమని అడగండి.